ఎల్విస్ సినిమా ఒక్కటే చూస్తానంటే ఏది? జైల్‌హౌస్ రాకా, కింగ్ క్రియోలా?

అమెరికా రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ 1956 నుంచి 1969 దాకా 31 కథాచిత్రాల్లో నటించాడు. అన్నీ చూడాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఇంకా చెప్పాలంటే, వాటిలో సగానికి పైగా చూడకపోయినా మీకు పోయేదేమీ లేదు. చిక్కల్లా ఆ మంచి నాలుగైదూ ఈ గుంపులో కలిసిపోయి ఉండటమే. 2022లో అతని జీవితకథగా వచ్చిన ‘ఎల్విస్’ చూసి ముచ్చటపడి, అసలు మనిషిని అసలు సినిమాలో చూద్దామని వెతికేవాళ్లకు ముందుగా ఎదురయ్యేవి సముద్రతీరం, మెడలో పూలదండ, చేతిలో గిటారు, చుట్టూ అమ్మాయిలు ఉన్న పోస్టర్లు. అలాంటిదొకటి పెట్టుకుని, అరగంట చూసి, ‘లోకాన్ని ఊపేశాడంటారే, ఇతనేనా?’ అని కట్టేసినవాళ్లు నాకు తెలుసు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఒక్కటే చూస్తానంటే 1957 నాటి ‘జైల్‌హౌస్ రాక్’ చూడండి. రెండు చూసే ఓపిక ఉంటే, రెండోది 1958 నాటి ‘కింగ్ క్రియోల్’. ఈ రెండింట్లో మంచి సినిమా ఏదని అడిగితే మాత్రం కింగ్ క్రియోల్ అనే చెబుతాను. మంచిదాన్ని రెండోదిగా ఎందుకు చూడమంటున్నానన్నదే ఇక్కడి అసలు సంగతి. ఇంటిల్లిపాదీ కూర్చుని సరదాగా చూడాలంటే లెక్క వేరే, దాని గురించి కింద చెబుతాను.

జైల్‌హౌస్ రాక్: పొగరే కథానాయకుడు

విన్స్ ఎవరెట్ కట్టడాల దగ్గర పనిచేసుకునే కుర్రాడు. ఒక బార్‌లో ఆడమనిషి మీద చెయ్యి చేసుకుంటున్నవాణ్ని అడ్డుకోబోయి, ఆ కొట్లాటలో అతని ప్రాణం తీస్తాడు. జైల్లో అతని గదిలోనే హంక్ అనే మాజీ కంట్రీ గాయకుడు ఉంటాడు. గిటారు పట్టుకోవడం, జైల్లో బతకడం రెండూ అతని దగ్గరే నేర్చుకుంటాడు విన్స్. ఖైదీల పాటల కార్యక్రమం టీవీలో ప్రసారమయ్యాక విన్స్‌కు అభిమానుల ఉత్తరాలు మూటలకొద్దీ వస్తాయి. అవి అతనికి అందకుండా చూసి, తన గిరాకీ తనకే తెలియని కుర్రాడి చేత ‘బయటికెళ్లాక సంపాదనలో చెరిసగం’ అని కాగితం రాయించుకుంటాడు హంక్. విడుదలయ్యే రోజున ఆ మూటలు విన్స్ చేతికొస్తాయి. అప్పటికి సంతకం అయిపోయింది.

ఇక్కడి నుంచి కథంతా పాటల వ్యాపారం. రికార్డుల కంపెనీల తరఫున తిరిగి పనిచేసే పెగ్గీ అనే అమ్మాయి పరిచయమవుతుంది. స్టూడియోలో తన గొంతును టేపు మీద తొలిసారి విన్న విన్స్ కంగుతింటాడు. అందరిలా పాడటం మానేసి తనలా పాడటం అక్కడే మొదలుపెడతాడు. ఆ పాటనూ, ఆ పాడే తీరునూ ఒక కంపెనీ కాజేసి పేరున్న గాయకుడితో పాడించేస్తుంది. కోపం తీర్చుకోవడం అయ్యాక, ఇద్దరూ కలిసి సొంత కంపెనీ పెట్టుకుంటారు. ఒప్పందాలు, వాటాలు, రేడియోలో పాట వేయించుకోవడానికి పడే పాట్లు, చేతికి డబ్బు తగిలాక తలకెక్కే పొగరు. రాక్ అండ్ రోల్ ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లోనే, దాని వెనకున్న డబ్బు లెక్కను ఇంత నిర్మొహమాటంగా చూపించిన సినిమా ఇది. ఒక చిన్న విడ్డూరం: తెర మీద సగం వాటా అడిగిన హంక్‌ను చూసి నవ్వుకున్న ఎల్విస్, 1967లో తన మేనేజరు కర్నల్ పార్కర్‌తో రాసుకున్న కొత్త ఒప్పందంలో కొన్ని ఆదాయాలకు నిజంగానే సగం వాటాకు ఒప్పుకున్నాడు.

దర్శకుడు రిచర్డ్ థార్ప్ వేగంగా పని ముగించడంలో దిట్ట, అంతే. సినిమాలో మెరుపుల్లాంటి షాట్లు వెతక్కండి. చాలా సన్నివేశాలు గదిలో ఇద్దరు నిలబడి మాట్లాడుకోవడమే. ఎల్విస్ నటన కూడా అక్కడక్కడా బిగుసుకుపోయి ఉంటుంది. ఆ బిగుసుకుపోవడం ఈ పాత్రకు కలిసొచ్చింది. విన్స్ ఎవరికీ నచ్చాలని చూడడు. పెగ్గీ వాళ్ల ఇంట్లో పార్టీ జరుగుతుంది. చదువుకున్నవాళ్లు జాజ్ సంగీతం మీద పెద్ద పెద్ద మాటలతో చర్చిస్తూ, మీరేమంటారండీ అని అతన్ని అడుగుతారు. నోటికొచ్చింది అనేసి లేచి వెళ్లిపోతాడు. అతనిది తప్పా, వాళ్లదా అని సినిమా తీర్పు చెప్పదు. తర్వాతి పదేళ్లలో ఎల్విస్‌కు ఇలాంటి మొరటు పాత్ర దాదాపు దక్కలేదు. అందరికీ నచ్చే మంచి అబ్బాయిగా మార్చేశారు. మొదట ఈ సినిమా చూడమనడానికి నాకున్న మొదటి కారణం అదే.

రెండో కారణం ఆ పాట. సినిమా పేరే పాట పేరు.

పాటలు రాసిన జెర్రీ లీబర్, మైక్ స్టోలర్ న్యూయార్క్ వెళ్లి ఊరు చూస్తూ పని మరిచిపోయారట. పాటల ప్రచురణకర్త జీన్ ఆబర్‌బాక్ వాళ్ల హోటల్ గదికి వచ్చి, తలుపుకు అడ్డంగా సోఫా జరిపి, పాటలు చేతికిస్తే గానీ కదలనని దానిమీదే పడుకున్నాడు. సాయంత్రానికి నాలుగు పాటలు తయారయ్యాయి, వాటిలో ఇదొకటి. సినిమాలో విన్స్ వెనక పియానో వాయిస్తూ కనిపించేది ఆ స్టోలరే. గిటారు మీద స్కాటీ మూర్, బేస్ మీద బిల్ బ్లాక్, డ్రమ్స్ మీద డి.జె. ఫాంటానా, అంటే ఎల్విస్ నిజం బృందమే తెర మీదా ఉంది. ‘బేబీ ఐ డోంట్ కేర్’ పాట రికార్డింగులో ఎలక్ట్రిక్ బేస్ చేతికి లొంగక బిల్ బ్లాక్ విసుగెత్తి పక్కన పడేస్తే, ఎల్విస్ తీసుకుని తానే వాయించేశాడని చెబుతారు. వినేటప్పుడు ఆ బేస్ మీద చెవి పెట్టండి.

ఇక ఆ నృత్యం. కొరియోగ్రాఫర్ అలెక్స్ రొమేరో మొదట హాలీవుడ్ మ్యూజికల్స్ బాణీలో అడుగులు కూర్చాడు. అవి ఎల్విస్ ఒంటికి అతకలేదు. దాంతో ఎల్విస్ పాటలే పెట్టి, నువ్వు స్టేజీ మీద ఎలా కదులుతావో కదులు అని చెప్పి, ఆ కదలికల నుంచే మొత్తం డాన్సు అల్లాడు. రెండంతస్తుల జైలు గదుల సెట్టు, చారల చొక్కాల ఖైదీలు, స్తంభం పట్టుకుని కిందికి జారే ఎల్విస్. కెమెరా దూరంగా నిలబడి తల నుంచి కాళ్ల దాకా మనిషిని పూర్తిగా చూడనిస్తుంది. దీని విలువ తెలియాలంటే ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: అదే ఏడాది జనవరిలో ఎడ్ సల్లివన్ టీవీ షోలో ఎల్విస్‌ను నడుము పైభాగం వరకే చూపించారు, కాళ్లూ తుంటీ ఊపితే జనం చెడిపోతారని. టీవీ దాచిపెట్టిన ఆ సగాన్ని కొన్ని నెలల్లోనే సినిమా వెడల్పాటి తెర మీద పరిచేసింది. షూటింగులో పన్ను తొడుగు ఊడి ఊపిరితిత్తిలోకి జారి, ఎల్విస్‌ను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది కూడా ఈ డాన్సు చేసేటప్పుడే. పాట సింగిల్ అమెరికాలో 7 వారాలు మొదటి స్థానంలో ఉంది. సినిమాను 2004లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారానికి ఎంపిక చేశారు.

పెగ్గీగా నటించిన జూడీ టైలర్ గురించి ఒక మాట. సినిమాలో అందరికంటే తెలివైన మనిషి ఆ పాత్రే. కంపెనీ లెక్కలు చూసేది, విన్స్ తలబిరుసుకు ముకుతాడు వేసేది ఆమే. షూటింగు ముగిసిన కొద్ది రోజులకే, 1957 జులై మొదట్లో, వయోమింగ్ రాష్ట్రంలో కారు ప్రమాదంలో చనిపోయింది. వయసు 24. ఆ తర్వాత ఎల్విస్ ఈ సినిమా చూడటానికి ఇష్టపడలేదంటారు.

కింగ్ క్రియోల్: మంచి సినిమా, కొంచెం తక్కువ ఎల్విస్

1957 డిసెంబరులో ఎల్విస్‌కు సైన్యంలో చేరమని పిలుపొచ్చింది. పారామౌంట్ స్టూడియో అప్పటికే ఈ సినిమా మీద డబ్బు పెట్టేసింది. అందుకని గడువు అడిగి తెచ్చుకుని, గబగబా షూటింగు ముగించుకుని 1958 మార్చి 24న సైన్యంలో చేరాడు. సినిమా జులైలో విడుదలైంది. తన సినిమాల్లో తనకు బాగా నచ్చిన పాత్ర ఇదేనని ఎల్విస్ చెప్పుకునేవాడు.

నచ్చడానికి కారణాలున్నాయి. దర్శకుడు మైకేల్ కర్టిజ్ ‘కాసాబ్లాంకా’ తీసి ఆస్కార్ అందుకున్న మనిషి. సినిమాకు మూలమైన హెరాల్డ్ రాబిన్స్ నవలలో కథానాయకుడు డానీ ఫిషర్ న్యూయార్క్ బాక్సర్. సినిమాలో, ఎల్విస్ చేతిలో, న్యూ ఆర్లీన్స్ గాయకుడయ్యాడు. భార్య పోయాక కుంగిపోయి, ఉద్యోగాలు నిలుపుకోలేని తండ్రి. ఇంటి ఖర్చుల కోసం పొద్దున్నే నైట్ క్లబ్బులు ఊడ్చి బడికెళ్లే కొడుకు. ఆఖరి పరీక్ష గట్టెక్కే సమయానికి ఒక గొడవలో ఇరుక్కుని చదువు చేజారుతుంది. ఒకవైపు వీధి రౌడీలు, ఇంకోవైపు ఊళ్లో క్లబ్బులన్నీ గుప్పిట్లో పెట్టుకున్న మాక్సీ ఫీల్డ్స్. తండ్రి తల వంచుకోవడం చూసి అసహ్యించుకునే కొడుకు తానూ అదే మాక్సీ ముందు ఎలా ఇరుక్కున్నాడన్నది కథ. తండ్రీకొడుకుల గొడవ మన సినిమాల్లో చూసి చూసి ఉన్న ప్రేక్షకుడికి ఈ సినిమా చప్పున ఎక్కుతుంది.

మాక్సీగా వాల్టర్ మాథావ్. తర్వాతి రోజుల్లో హాస్య పాత్రలతో పేరు తెచ్చుకున్న ఈయన ఇక్కడ గొంతు పెంచకుండానే భయపెడతాడు. మాక్సీ చేతిలో చిక్కుకున్న రానీగా కరొలిన్ జోన్స్. నా దృష్టిలో ఎల్విస్ సినిమాలన్నిటిలోకీ మంచి నటన ఆమెదే. డానీ వైపు ఆమె చూసే చూపులో ఆశా, అలసటా రెండూ ఒకేసారి కనిపిస్తాయి. ఇంత మంచి నటులు ఎదురుగా ఉండేసరికి ఎల్విస్ కూడా మాట విని బదులివ్వడం నేర్చుకున్నాడు. జైల్‌హౌస్ రాక్‌లో అతను ఎదుటివాళ్ల మాట అయ్యేదాకా ఆగి తన డైలాగు చెబుతున్నట్టుంటుంది. ఇక్కడ అలా ఉండదు.

రస్సెల్ హార్లన్ నలుపు తెలుపు ఛాయాగ్రహణంలో న్యూ ఆర్లీన్స్ పాత వీధులు నిజంగా ఊపిరి పీలుస్తాయి. మొదటి పాటే చూడండి. తెల్లవారుజామున ఖాళీ వీధిలో క్రాఫిష్ (రొయ్యల్లాంటివి) అమ్ముకుంటూ కిట్టీ వైట్ పాడుతుంది, మేడ మీది వరండా నుంచి ఎల్విస్ గొంతు కలుపుతాడు. డాన్సు లేదు, ఊపు లేదు, గిటారు ఊగడం లేదు. ఎల్విస్ సినిమాలన్నిటిలో ఇంత అందంగా తీసిన పాట నాకింకోటి కనబడలేదు. మాక్సీ ‘ఏదీ, పాడు చూద్దాం’ అన్నప్పుడు వచ్చే ‘ట్రబుల్’ పాట మరోలాంటిది. లీబర్, స్టోలర్ దాన్ని బెదిరింపులా రాశారు, ఎల్విస్ అలాగే పాడాడు. పదేళ్ల తర్వాత, 1968లో, జనం తనను మర్చిపోతున్నారనుకున్న రోజుల్లో చేసిన టీవీ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది కూడా ఈ పాటతోనే. మిగతా పాటల్లో ట్రంపెట్, ట్రాంబోన్ లాంటి బూరల మోత ఎక్కువ. న్యూ ఆర్లీన్స్ కథకు అది సహజం. నిక్కమైన రాక్ అండ్ రోల్ కోసం వచ్చినవాళ్లకు మాత్రం కాస్త పలచబడినట్టనిపిస్తుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

కథ, దర్శకత్వం, నటులు, వాతావరణం, ఏ లెక్కలో చూసినా కింగ్ క్రియోల్‌దే పైచేయి. అయినా అది ఎల్విస్ లేకపోయినా నిలబడగల సినిమా. ఆ కథలో మరో మంచి కుర్ర నటుణ్ని పెట్టినా గట్టెక్కేది. జైల్‌హౌస్ రాక్‌లోంచి ఎల్విస్‌ను తీసేస్తే చూడటానికి ఏమీ మిగలదు. అందుకే, ఈ మనిషి మీద ఇంత గోల ఎందుకో తెలుసుకోవాలని వచ్చినవాళ్లు మొదట చూడాల్సింది జైల్‌హౌస్ రాకే. ఆ ఊపు ఒంటికి ఎక్కాక కింగ్ క్రియోల్ చూస్తే, ఇతనికి నటన కూడా వచ్చన్నమాట అన్న ఆశ్చర్యం అదనంగా దక్కుతుంది. వరస తిరగేస్తే ఆ ఆశ్చర్యమూ పోతుంది, జైల్‌హౌస్ రాక్ చవకబారుగానూ కనిపిస్తుంది.

ఒక మినహాయింపు ఉంది. మీకు పాటల మీద పెద్ద ఆసక్తి లేదు, పాత నేర కథలంటే ఇష్టం అంటే నేరుగా కింగ్ క్రియోల్‌కే వెళ్లండి. అలాగే జైల్‌హౌస్ రాక్ 96 నిమిషాల్లో అయిపోతుంది, కింగ్ క్రియోల్ దాదాపు రెండు గంటలు. వారం మధ్యలో, పని ముగించుకొచ్చిన రాత్రి పెట్టుకునేది మొదటిదే.

ముగింపుల విషయానికొస్తే, జైల్‌హౌస్ రాక్ చివరి పది నిమిషాలు తొందరలో అతికించినట్టుంటాయి. అంతసేపు ఎవరినీ లెక్కచేయని మనిషి చటుక్కున మెత్తబడిపోతాడు. కింగ్ క్రియోల్ ముగింపులో నష్టం నష్టంగానే ఉంటుంది.

మన వైపు నుంచి చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జైల్‌హౌస్ రాక్ వచ్చిన 1957లోనే మనకు మాయాబజార్ వచ్చింది. నాగయ్య, భానుమతి లాంటివాళ్లు సొంత గొంతుతో పాడుకున్నా, అప్పటికే తెర మీద ముఖం ఒకరిది, గొంతు ఘంటసాల లాంటివారిది అన్నది మన సినిమాలో కుదురుకుపోయింది. పాట ఎక్కడైనా రావచ్చు, తోటలోనో చందమామ కిందో, ఎవరూ అడగరు. ఎల్విస్ తొలి సినిమాల్లో అలా కాదు. స్టేజీ, స్టూడియో, జైలు, పార్టీ, ఎక్కడ పాడినా గాయకుడు పాడటానికి ఒక కారణం ఉంటుంది. పాట వచ్చిన ప్రతిసారీ కథలో ఎవరో వింటున్నారు, ఎవరో వెల కడుతున్నారు. తర్వాతి సినిమాల్లో ఆ కట్టు తెగిపోయింది. పడవ మీద, కారులో, వంటింట్లో, తోచిన చోటల్లా పాడేస్తాడు. అమెరికన్ విమర్శకులకు అదే కంటగింపు. మనకు అది తప్పనిపించదు, అలవాటే. ఆ సినిమాలను దెబ్బతీసింది పాట ఎక్కడ వచ్చిందన్నది కాదు, పాటల్లో సత్తువ లేకపోవడం.

రంగుల్లో, ఇంటిల్లిపాదికీ

నలుపు తెలుపు అనగానే ఇంట్లో వాళ్లు లేచిపోతారా? అయితే మూడు పేర్లు.

‘వివా లాస్ వేగాస్’, 1964. ఇంటిల్లిపాదితో చూడటానికి నా ఎంపిక ఇదే. రేసు కారు ఇంజను కొనడానికి డబ్బు కోసం హోటల్లో వెయిటరుగా చేరిన లక్కీ, ఈత నేర్పే రస్టీ. కథ ఇంతకుమించి లేదు, అవసరమూ లేదు. రస్టీగా ఆన్-మార్గ్రెట్ ఉంది కాబట్టి ఈ సినిమా నిలబడింది. ఎల్విస్ సినిమాల్లో కథానాయికలు మామూలుగా పాట అయ్యేదాకా నవ్వుతూ నిలబడతారు. ఆమె మాత్రం ఎదురు నిలబడి డాన్సు చేస్తుంది. దర్శకుడు జార్జ్ సిడ్నీ కెమెరాను తన మనిషి మీంచి ఆమె మీదికి ఎక్కువగా తిప్పుతున్నాడని కర్నల్ పార్కర్ గుర్రుమన్నాడట. ఆ గుర్రుమనడానికి కారణమేమిటో తెర చూస్తే తెలుస్తుంది. ‘కమాన్ ఎవ్రీబడీ’ పాటలో ఇద్దరూ ఒకరినొకరు ఉసిగొలుపుకునే తీరు చూడండి. పేరు పాటను ఎల్విస్ ఒకే షాటులో, మధ్యలో కత్తిరింపు లేకుండా పాడేశాడు. నిడివి 85 నిమిషాలు. పిల్లలకు చివరి కారు రేసు నచ్చుతుంది.

‘లవింగ్ యూ’, 1957 వేసవి. ఎల్విస్ తొలి రంగుల సినిమా. ఊళ్లు తిరుగుతూ పాడే కుర్రాణ్ని పైకి తెచ్చే కథ, చాలా వరకు అతని కథే, కాస్త పంచదార కలిపి. సంగీతం మటుకు అసలు సరుకు. జైల్‌హౌస్ రాక్ మరీ కరుకుగా అనిపించేవాళ్లు దీంతో మొదలుపెట్టవచ్చు. చివరి కచేరీ సన్నివేశంలో ప్రేక్షకుల మధ్య ఎల్విస్ తల్లిదండ్రులు నిజంగానే కూర్చుని చప్పట్లు కొడుతుంటారు. 1958 ఆగస్టులో తల్లి పోయాక అతను మళ్లీ ఈ సినిమా చూడలేదని చెబుతారు.

‘బ్లూ హవాయి’, 1961. పోస్టరు చూసి మోసపోయేది సాధారణంగా దీనికే. సైన్యం నుంచి తిరిగొచ్చి, తండ్రి అనాసపండ్ల కంపెనీలో చేరనని టూరిస్టు గైడుగా తిరిగే కుర్రాడి కథ. హవాయి అందాలు, తెరిపి లేకుండా పాటలు. సౌండ్‌ట్రాక్ ఆల్బమ్ అమెరికాలో 20 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ఆ విజయమే ఎల్విస్ కొంప ముంచింది. ఇలాంటివే కావాలని స్టూడియోలు ఏడాదికి మూడేసి చొప్పున తీయడం మొదలుపెట్టాయి. ‘కాంట్ హెల్ప్ ఫాలింగ్ ఇన్ లవ్’ ఇందులోదే. లోకమంతా పెళ్లిళ్లలో వేసుకునే ఈ పాటను సినిమాలో పాడేది ప్రియురాలి అమ్మమ్మ పుట్టినరోజున, మ్యూజిక్ బాక్స్ తెరిచి, ఆ పెద్దావిడ కోసం. ఆ సన్నివేశం బాగుంటుంది. తల్లిగా నటించిన ఏంజెలా లాన్స్‌బరీ ఎల్విస్ కంటే పదేళ్లే పెద్దది. హీరో తల్లి వేషాల లెక్క మనకు కొత్త కాదు కాబట్టి దాన్ని వదిలేద్దాం. ఈ సినిమాను మూడోదో నాలుగోదో చూడండి. మొదటిదిగా మాత్రం వద్దు.

పాటలు అసలే వద్దు, నటుడిగా చూడాలి అంటే 1960 నాటి ‘ఫ్లేమింగ్ స్టార్’ ఉంది. డాన్ సీగెల్ దర్శకత్వం. తెల్లజాతి తండ్రికీ కయోవా అనే అమెరికా ఆదివాసీ తెగ తల్లికీ పుట్టి ఇరువైపులా పరాయివాడైన కుర్రాడి పాత్ర. పాటలు మొదట్లోనే అయిపోతాయి. మొదటి సినిమా కదా అని 1956 నాటి ‘లవ్ మీ టెండర్’తో మొదలుపెట్టేవాళ్లున్నారు. అందులో ఎల్విస్ పేరు తారాగణంలో మూడోది, కథ అతనిది కాదు. అతని పాత్ర చనిపోతే అభిమానులు ఒప్పుకోరని, చివర నీడలా మళ్లీ చూపించి పాడించారు. పాట విని సరిపెట్టుకోండి.

చూసే ముందు కొన్ని

జైల్‌హౌస్ రాక్ సినిమాస్కోప్‌లో తీశారు. పైనా కిందా నల్లటి పట్టీలతో వెడల్పుగా కనిపించే ప్రింటే సరైనది. పాత టీవీకి సరిపడేలా అటూ ఇటూ కోసేసిన ప్రింటులో ఆ డాన్సు సగమే మిగులుతుంది. రంగులద్దిన ముక్కలు నెట్‌లో తిరుగుతుంటాయి, వాటి జోలికి పోవద్దు. ఆ నలుపు తెలుపుల్లోనే చారల చొక్కాలకు అందం.

ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. హంక్ యాస, న్యూ ఆర్లీన్స్ వీధి మాటలు వేగంగా దొర్లిపోతాయి.

పిల్లలు పక్కన ఉంటే రెండు సంగతులు. జైల్‌హౌస్ రాక్‌లో ఖైదీని చొక్కా విప్పించి కొరడాతో కొట్టే సన్నివేశం ఉంది, తర్వాత పెగ్గీని బలవంతంగా ముద్దు పెట్టుకునేదీ ఉంది. 1957లో దాన్ని మగతనం కింద చెలామణీ చేశారు, ఇవాళ చూస్తే ఒళ్లు చిటపటలాడుతుంది. కింగ్ క్రియోల్‌లో కత్తులు, తాగుడు, రానీ బతుకు గురించి పైకి చెప్పని సూచనలు ఎక్కువ. పదో తరగతి దాటిన పిల్లలైతే పరవాలేదు. అన్నట్టు, జైల్లో ఎల్విస్ జుట్టు కత్తిరించేసినట్టు కనిపించేది విగ్గు మాయ. అసలు జుట్టు పోయింది 1958లో, సైన్యంలో చేరినప్పుడు.

మరో లోటు గురించి చెప్పకుండా ఉండలేను. రాక్ అండ్ రోల్ పుట్టింది నల్లజాతి సంగీతకారుల చేతుల్లో. జైల్‌హౌస్ రాక్‌లో వాళ్లు కనిపించరు. ఖైదీ దుస్తుల్లో డాన్సు చేసేవాళ్లూ తెల్లవాళ్లే. కింగ్ క్రియోల్‌లో కిట్టీ వైట్ పాడే ఆ తొలి పాట కొంత నయం. మూలాన్ని కళ్లతో చూడాలనుకుంటే ఎల్విస్ లేని సినిమా ఒకటి పక్కన పెట్టుకోండి: 1956 నాటి ‘ద గర్ల్ కాంట్ హెల్ప్ ఇట్’. జేన్ మాన్స్‌ఫీల్డ్ హాస్య కథ, మంచి రంగులు, మధ్యలో లిటిల్ రిచర్డ్, ఫ్యాట్స్ డామినో తమ పాటలు తామే పాడతారు. పియానో ముందు నిలబడిన లిటిల్ రిచర్డ్‌ను చూశాక ఎల్విస్ ఎక్కడి నుంచి ఏం తెచ్చుకున్నాడో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక మీకు కావాల్సింది కథలూ పాత్రలూ కాదు, స్టేజీ మీద మనిషి అంటే, పైవన్నీ వదిలేసి 1970 నాటి ‘ఎల్విస్: దట్స్ ద వే ఇట్ ఈజ్’ పెట్టుకోండి. లాస్ వేగాస్ హోటల్లో ఆ ఏడాది ఆగస్టులో జరిగిన కచేరీల డాక్యుమెంటరీ అది. రిహార్సల్‌లో బృందంతో వేళాకోళాలాడుతూ, పాటను మధ్యలో ఆపి మార్పులు చెప్పే ఎల్విస్ ఏ కథాచిత్రంలోనూ దొరకడు. దీనికి రెండు రూపాలున్నాయి. 1970 నాటి దాంట్లో అభిమానుల ముచ్చట్లు ఎక్కువ. 2001లో మళ్లీ కూర్చిన దాంట్లో అవి తీసేసి పాటలు పెంచారు. పాటల కోసమైతే 2001 నాటిదే తీసుకోండి.